ఎఫ్-1, ఎఫ్-2 జంటగా డాలస్‌కి వస్తున్నారా? కొత్త కాపురం, వేసవి ఇంటర్న్‌షిప్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆయన మాస్టర్స్ చదవడానికి ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద డాలస్ పక్క ఊరికి వస్తే, నేను ఎఫ్-2 (విద్యార్థి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వెనకాలే వచ్చాను. అప్పట్నుంచీ ఏటా ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి నా ఫోన్‌కి ఇవే ప్రశ్నలు వస్తున్నాయి. మొన్న ఒకే రోజు ముగ్గురు తమ్ముళ్లు "అక్కా, మా ఆవిడ ఏదైనా చిన్న పని చేసుకోవచ్చా?" అని అడిగారు. ముగ్గురికీ విడివిడిగా టైప్ చేసే ఓపిక లేక ఇది రాశాను. నేను లాయర్ని కాను. వీసా సంగతుల్లో మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో విద్యార్థి వీసాల సంగతి చూసే అధికారి, అంటే డీఎస్‌ఓ మాటే చివరి మాట.

## బయల్దేరే ముందు

ఇద్దరం కలిసే వెళ్లాలా, ఆయన ముందెళ్లి నేను తర్వాత వెళ్లాలా?

ఎఫ్-2 మనిషి ఎఫ్-1 మనిషి కంటే ముందు దిగకూడదు. కలిసి వెళ్లొచ్చు, తర్వాతైనా వెళ్లొచ్చు. ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫారం) ఉన్న ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే ఎఫ్-1 వాళ్లని రానిస్తారు. నన్నడిగితే చదువుకునేవాళ్లు ముందెళ్లి, ఇల్లు చూసుకుని, నెలా నెలన్నర తర్వాత రెండోవాళ్లని పిలిపించుకోవడం మేలు. మా ఆయన మొదటి నెలంతా నలుగురు కుర్రాళ్లతో ఒక హాల్లో పరుపేసుకుని పడుకున్నాడు. కలిసి వెళ్లుంటే నా రెండు సూట్‌కేసులు పెట్టడానికి కూడా అక్కడ చోటు లేదు.

ఎఫ్-2కి ఏ కాగితాలు కావాలి?

మీ పేరు మీద విడిగా డిపెండెంట్ ఐ-20 ఉండాలి. దాని కోసం యూనివర్సిటీకి ఇద్దరి ఖర్చుకీ సరిపడా డబ్బు చూపించాలి. సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకున్న పెళ్లి సర్టిఫికెట్ తప్పనిసరి. శుభలేఖ, పెళ్లి ఫొటోలు దానికి తోడుగా పనికొస్తాయి గానీ దాని బదులు చెల్లవు. విద్యార్థుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థకి కట్టే సెవిస్ ఫీజు ఎఫ్-2కి లేదు. ఎవరైనా ఏజెంట్ మీ దగ్గర అది వసూలు చేస్తే వెనక్కి అడగండి.

నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. పర్వాలేదా?

పర్వాలేదనుకుంటే తర్వాత ఏళ్ల తరబడి విసుగు. వీసా మీద మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు దగ్గర "ఎఫ్‌ఎన్‌యూ" అని పడుతుంది. పేరు తెలియదు అని దానర్థం. అదే లైసెన్స్ మీదా, బ్యాంకు కార్డు మీదా, బీమా కార్డు మీదా ఎక్కుతుంది. నా స్నేహితురాలిని క్లినిక్‌లో "ఫ్నూ... ఫ్నూ" అని నాలుగుసార్లు పిలిచారట. పిలుస్తున్నది తననేనని ఆమెకి ఎంతకీ తట్టలేదు. టైముంటే వీసా కంటే ముందే పాస్‌పోర్ట్ సరిచేయించుకోండి.

ఎంత డబ్బు పెట్టుకుని రావాలి?

అంకె చెప్పను, లెక్క కట్టే పద్ధతి చెప్తాను. మీరు తీసుకునే ఇంటి అద్దె, డిపాజిట్, ఇద్దరి తిండి, ఫోన్లు, బీమా, రెండో సెమిస్టర్ ఫీజు కలిపి వచ్చే ఆగస్టు దాకా వేసుకోండి. అందులో ఇంటర్న్‌షిప్ జీతం అన్న గడిలో సున్నా వేయండి. వేసవి జీతం వస్తుందన్న నమ్మకంతో మార్చిలో కారు కొన్న జంటలు నాకు ఒకరిద్దరు కాదు, చాలామందే తెలుసు.

## మొదటి నెల

జీతం లేదు, క్రెడిట్ హిస్టరీ లేదు. మాకు అపార్ట్‌మెంట్ ఎవరిస్తారు?

చాలా కాంప్లెక్సులు అద్దెకి మూడింతల ఆదాయం చూపించమంటాయి. క్యాంపస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి విద్యార్థులు అలవాటే కాబట్టి ఐ-20, బ్యాంకు స్టేట్‌మెంట్, అసిస్టెంట్‌షిప్ ఉంటే ఆ లెటర్ చూసి, డిపాజిట్ ఎక్కువ తీసుకుని ఇస్తారు. లీజులో ఇద్దరి పేర్లూ రాయించండి. లైసెన్స్ ఆఫీసులో, బ్యాంకులో రెండోవాళ్లకి అడ్రస్ రుజువు అదే.

సంతకం చేసే ముందు మూడు విషయాలు చదవండి: సబ్‌లీజు (మన ఇంటిని కొన్నాళ్లు ఇంకొకరికి అద్దెకివ్వడం) ఒప్పుకుంటారా, మధ్యలో ఖాళీ చేస్తే ఎంత కట్టాలి, ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మేము చదవలేదు. 60 రోజుల నోటీసు అని లీజులో ఉంటే, నెలాఖర్లో చెప్తే చాలనుకున్నాం, మన ఊళ్లో ఇంటివాళ్లకి చెప్పినట్టు. తొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఆ తొమ్మిది రోజుల అద్దె మా చేత కట్టించుకున్నారు. ఆఫీసులో కూర్చున్న అమ్మాయి చాలా మర్యాదగా, నవ్వుతూనే కట్టించుకుంది.

కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవాలట, నిజమేనా?

డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో రిచర్డ్‌సన్, అర్వింగ్, అర్లింగ్టన్ లాంటి చోట్ల నిజమే. తీగలు ఆంకార్ కంపెనీవే అయినా, కరెంటు అమ్మేవాళ్లు బోలెడుమంది. వాళ్లని పోల్చి చూసుకోవడానికి టెక్సస్ ప్రభుత్వానిదే 'పవర్ టు చూజ్' అనే సైట్ ఉంది. డెంటన్, గార్లండ్‌లలో మాత్రం ఆ ఊరి సొంత విద్యుత్ సంస్థే, ఎంచుకునే పని లేదు.

మోసం ఎక్కడుంటుందో చెప్తాను. ప్రతి ప్లాన్‌కీ 500, 1000, 2000 యూనిట్ల దగ్గర సగటు ధర ఎంతో చూపించే కాగితం ఉంటుంది. కొన్ని ప్లాన్లు సరిగ్గా 1000 యూనిట్లు దాటితేనే బిల్లులో పెద్ద తగ్గింపు ఇస్తాయి. ఆ ధర చూసి చవకనుకుంటాం. చిన్న సింగిల్ బెడ్‌రూమ్‌లో శీతాకాలం 600 యూనిట్లు వాడితే తగ్గింపు రాదు, యూనిట్ ధర చుక్కలు చూపిస్తుంది. తగ్గింపులు, మెలికలు లేని ఒకే రేటు ప్లాన్ తీసుకోండి. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. అంటే మన రెంటచింతల ఎండే, కాకపోతే ఇక్కడ ఏసీ ఆపి వాకిట్లో మంచం వేసుకునే వీలుండదు.

కారు లేకుండా బతకగలమా?

రిచర్డ్‌సన్‌లో క్యాంపస్ పక్కన ఉంటే బస్సులు, డార్ట్ (డాలస్ ప్రాంత రవాణా సంస్థ) రైలుతో నెట్టుకురావచ్చు. అర్లింగ్టన్‌లో మామూలు సిటీ బస్సు లైన్లే లేవు. యాప్‌లో పిలిస్తే వచ్చే వ్యాన్ ఒక్కటే దిక్కు. ఎఫ్-2 మీద ఉన్నవాళ్లకీ లైసెన్స్ ఇస్తారు. పాస్‌పోర్ట్, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు రికార్డు), ఐ-20, అడ్రస్ రుజువులు పట్టుకెళ్లాలి. అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, అందుకే వచ్చిన వారంలోనే బుక్ చేసేయండి. ఇంట్లో ఉండే మనిషే ముందు డ్రైవింగ్ నేర్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. చదువుకునేవాళ్లకి క్యాంపస్ బస్సుంది. ఇంట్లో ఉన్నవాళ్లకి కొత్తిమీర కట్ట కావాలన్నా ఎవరో ఒకరు తీసుకెళ్లాలి.

ఎఫ్-2కి సోషల్ సెక్యూరిటీ నంబర్ వస్తుందా?

రాదు. పని చేసే అనుమతి ఉన్నవాళ్లకే ఇస్తారు. ఎఫ్-1 వాళ్లకి కూడా క్యాంపస్‌లో ఉద్యోగమో సీపీటీయో (చదువులో భాగంగా బయట పని చేసే అనుమతి) దొరికాక, ఆ లెటర్లు చూపిస్తేనే ఇస్తారు. దానికి ఫీజేమీ లేదు. అది లేకపోయినా పాస్‌పోర్ట్, ఐ-20 చూపించి జాయింట్ ఖాతా తెరవొచ్చు. తెరిచి తీరండి. రెండో కార్డు మీ పర్సులోనే ఉండాలి.

బీమా ఎఫ్-2కి కూడా తీసుకోవాలా?

తీసుకోవాలి. యూనివర్సిటీ ప్లాన్‌లో డిపెండెంట్‌ని చేరిస్తే ఖర్చెక్కువ గానీ మంచి రక్షణ. బయట దొరికే చవక విజిటర్ పాలసీలు చాలావరకు పాత జబ్బులకీ, కాన్పుకీ ఇవ్వవు. పిల్లల ఆలోచన ఉంటే ఆ ఒక్క పేజీ చదివి కొనండి. చిన్న జ్వరానికి ఎమర్జెన్సీ రూమ్‌కి పరుగెత్తకండి, అర్జెంట్ కేర్ చాలు.

## ఎఫ్-2 మీద ఉన్నవాళ్ల ప్రశ్నలు

ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పని చేస్తే తప్పేంటి? జీతం ఇండియా ఖాతాలోనే కదా పడేది?

డబ్బు ఎక్కడ పడుతోంది అన్నది కాదు, పని చేసే మనిషి ఎక్కడున్నారు అన్నది చూస్తారు. ఎఫ్-2కి అమెరికాలో ఉద్యోగం చేసే అనుమతి లేదు, వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు చేసుకునే దారీ లేదు. "మా కజిన్ చేస్తోంది, ఎవరూ పట్టుకోలేదు" అంటారు. రేపు హెచ్-4కో (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భాగస్వాముల వీసా) గ్రీన్‌కార్డుకో ఫారం నింపేటప్పుడు అనుమతి లేకుండా పని చేశారా అని అడుగుతారు. అప్పుడు ఏం రాస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. అంతగా తప్పదనుకుంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టి అడగండి.

డోర్‌డాష్, బ్లౌజులు కుట్టడం, పచ్చళ్లు అమ్మడం... ఇవి కూడా పనేనా?

పనే. డబ్బు చేతికిచ్చినా, జెల్ అనే బ్యాంకు యాప్‌లో పంపినా, భర్త పేరు మీద యాప్ తెరిచినా పనే. పక్కింటావిడకి ఊరికే ఆవకాయ ఇస్తే ఎవరూ ఏమీ అనరు. సీసాకి ఇంత అని గ్రూపులో పెడితే అది వ్యాపారం.

హెచ్-4 వాళ్లు, ఎల్-2 వాళ్లు చేస్తున్నారుగా, మాకెందుకు లేదు?

వీసాని బట్టి నియమం మారుతుంది. కంపెనీ బదిలీ మీద వచ్చినవాళ్ల జీవిత భాగస్వాములకి, అంటే ఎల్-2 వాళ్లకి, వీసాతోనే పని హక్కు ఉంది. ఎక్స్‌చేంజ్ కార్యక్రమాల మీద వచ్చినవాళ్ల కుటుంబసభ్యులు, అంటే జె-2 వాళ్లు, పర్మిట్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. హెచ్-4లో కొందరికి, అంటే గ్రీన్‌కార్డు ప్రక్రియలో కొంత దూరం వెళ్లినవాళ్ల భాగస్వాములకి, 2015 నుంచి ఆ వీలుంది. ఎఫ్-2కి ఇవేవీ లేవు.

మరి రోజంతా ఏం చేయాలి? పిచ్చెక్కుతోంది.

ఇది నాకు అందరికంటే ఎక్కువ తెలిసిన ప్రశ్న. నవంబర్‌లో ఇక్కడ మధ్యాహ్నం రెండైతే గుంటూరులో రాత్రి ఒకటిన్నర. అమ్మకి ఫోన్ చేయలేం. ఆయన ల్యాబ్ నుంచి వచ్చేసరికి ఎనిమిది. ఆ ఆరు గంటలు గోడ మీద నీడ జరగడం చూస్తూ కూర్చున్న రోజులున్నాయి.

నన్ను నిలబెట్టినవి ఇవీ. అమ్మకి ఫోన్ పొద్దున ఎనిమిదికి పెట్టుకున్నాను, అక్కడ అప్పుడు రాత్రి ఏడున్నర, సీరియల్ మొదలయ్యేలోపు. పబ్లిక్ లైబ్రరీలో కార్డు తీసుకున్నాను. పుస్తకాలతో పాటు అక్కడ ఇంగ్లిష్ మాట్లాడుకునే తరగతులూ ఉన్నాయి, అన్నీ ఉచితమే. ఆ తర్వాత చదువు. 2015లో వచ్చిన మార్పు వల్ల ఎఫ్-2 వాళ్లు ఎఫ్-1 విద్యార్థుల్ని చేర్చుకునే గుర్తింపు ఉన్న కాలేజీలో పార్ట్‌టైమ్‌గా డిగ్రీ కోర్సులే చదవొచ్చు. డాలస్ కాలేజ్, కాలిన్ కాలేజ్ లాంటి కమ్యూనిటీ కాలేజీల్లో అడిగి చూడండి. ఫుల్‌టైమ్ చదవాలంటే మాత్రం ఎఫ్-1కి మారాల్సిందే.

స్వచ్ఛంద సేవ చేయొచ్చు, అది మామూలుగా జీతమిచ్చి చేయించే పని కానంతవరకు. ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్తే నాలుగు వారాల్లో నలుగురు పరిచయమవుతారు. పుస్తకాల పిచ్చి ఉంటే ఇక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ వాళ్లు నడిపే 'నెలనెలా తెలుగు వెన్నెల' సాహిత్య సదస్సుకి వెళ్లండి.

మా ఆవిడ చదువు కోసం నేను ఎఫ్-2 మీద వచ్చాను. ఊళ్లో అందరూ "అల్లుడేం చేస్తున్నాడు" అంటున్నారు.

"వంట" అని చెప్పండి. ఒకాయన మా కాంప్లెక్స్‌లోనే అలా చెప్పేవాడు, రెండు నెలలకి అడగడం మానేశారట. నిజంగా మీరు మీ రంగంలో ముందుకెళ్లాలంటే సర్టిఫికేషన్లు చదవండి, మీ ఎఫ్-1 ప్రయత్నం మొదలుపెట్టండి. ఇంట్లో ఇద్దరిలో ఎవరి వీసా మీద ఎవరున్నారన్నది రెండేళ్ల సంగతి.

నా పాస్‌పోర్ట్, ఐ-20 ఆయన దగ్గరే ఉంచుకుంటున్నాడు. అడిగితే అరుస్తాడు.

మీ కాగితాలు మీ దగ్గరే ఉండాలి. ఫొటోలు తీసి మీకొక్కరికే తెలిసిన ఈమెయిల్‌లో దాచుకోండి. చెయ్యెత్తినా, భయపెట్టినా 911కి ఫోన్ చేయండి. దేశమంతటికీ పనిచేసే గృహహింస హెల్ప్‌లైన్ నంబర్ 1-800-799-7233, తెలుగులో మాట్లాడించే దుబాసీని అడగొచ్చు. ఎఫ్-2 మీద ఉన్నంత మాత్రాన పోలీసుల్ని పిలిచే హక్కు పోదు.

## వేసవి పని వేట

ఆగస్టులో వచ్చాను. వచ్చే వేసవికే ఇంటర్న్‌షిప్ చేయొచ్చా?

సాధారణంగా చేయొచ్చు. సీపీటీకి ఒక పూర్తి విద్యాసంవత్సరం ఫుల్‌టైమ్‌గా చదివి ఉండాలి. ఫాల్ (ఆగస్టులో మొదలయ్యేది), స్ప్రింగ్ (జనవరిలో మొదలయ్యేది) సెమిస్టర్లు పూర్తయితే అది నిండుతుంది. పని మీ కోర్సుకి సంబంధించినదై ఉండాలి, డీఎస్‌ఓ కొత్త ఐ-20 మీద కంపెనీ పేరు, తేదీలు వేసి ఇవ్వాలి. ఫుల్‌టైమ్ సీపీటీ మొత్తం 12 నెలలు నిండితే ఆ డిగ్రీకి ఓపీటీ (చదువయ్యాక పని చేసే అనుమతి) పోతుంది. ఒక వేసవి మూడు నెలలతో ఆ ప్రమాదం లేదు.

జనవరిలో వచ్చినవాళ్ల సంగతేంటి?

మొదటి వేసవికి ఒక్క సెమిస్టరే అయి ఉంటుంది కాబట్టి మామూలుగా సీపీటీ రాదు. ఈ ముక్క ఏజెంట్లు చెప్పరు. జంటగా వచ్చేవాళ్లకి ఇది పెద్ద దెబ్బ, రెండో వేసవి దాకా జీతం ఆశ లేనట్టే. ఆ మొదటి వేసవికి క్యాంపస్ ఉద్యోగం మీద పడండి.

అప్లికేషన్లు ఎప్పుడు మొదలుపెట్టాలి?

దిగిన నెలలోనే. పెద్ద కంపెనీలు వచ్చే వేసవి ఇంటర్న్‌ల కోసం ఆగస్టు నుంచే తలుపులు తెరుస్తాయి, కెరీర్ ఫెయిర్లు సెప్టెంబర్‌లో పెడతారు. మన పిల్లలు అప్పటికి జెట్‌లాగ్‌లో, కుక్కర్ కొనే హడావిడిలో ఉంటారు. అందుకే రెజ్యూమె ఇండియాలో ఉండగానే ఒక పేజీకి కుదించి తెచ్చుకోండి. చిన్న కంపెనీలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య తీసుకుంటాయి, కాబట్టి డిసెంబర్‌లో చేతులెత్తేయకండి.

"స్పాన్సర్‌షిప్ కావాలా?" అని అడిగితే ఏం నొక్కాలి?

నిజమే నొక్కాలి. ఇప్పుడు గానీ, ముందు ముందు గానీ స్పాన్సర్‌షిప్ అవసరమా అని అడుగుతారు. మీరు చదువయ్యాక హెచ్-1బీ మీద ఉండాలనుకుంటే జవాబు అవును. కొన్ని దరఖాస్తులు అక్కడికక్కడే పోతాయి. కానీ అబద్ధం చెప్పి ఆఫర్ దాకా వెళ్లాక పోవడం ఇంకా దారుణం.

కన్సల్టెన్సీ వాళ్లు రెజ్యూమెలో లేని మూడేళ్ల అనుభవం పెట్టి, నా బదులు వేరేవాళ్లతో ప్రాక్సీ ఇంటర్వ్యూ చేయిస్తామంటున్నారు. వెళ్లాలా?

వద్దు. మొదటి రోజు నుంచే సీపీటీ ఇప్పిస్తాం, క్లాసులకి రానక్కర్లేదు అనే చోటికీ వద్దు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందిగా? అది ఇమ్మిగ్రేషన్ అధికారులే వల పన్ని నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అరెస్టయిన విద్యార్థుల్లో మన తెలుగువాళ్లే ఎక్కువ, వాళ్లని చేర్పించిన కేసులో పట్టుబడ్డ ఎనిమిదిమందీ మనవాళ్లే. మీ స్టేటస్ పోతే మీ ఒక్కరిదే పోదు, మీ మీద ఆధారపడిన ఎఫ్-2 కూడా అదే రోజు పోతుంది.

ఇంటర్న్‌షిప్ ఏదీ రాలేదు. గ్యాస్ స్టేషన్‌లో చేయనా?

అది అనుమతి లేని పని. క్యాంపస్‌లో చూడండి. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే, వేసవి సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు. డైనింగ్ హాలు, లైబ్రరీ, ల్యాబ్, హాస్టళ్లు ఖాళీ చేయించే సిబ్బంది... ఏప్రిల్‌లోనే అడగాలి. మే నెలలో అడిగితే అప్పటికే సీనియర్లు సీట్లలో ఉంటారు.

## వేసవి వచ్చాక

ఆయనకి ఇంటర్న్‌షిప్ వేరే రాష్ట్రంలో వచ్చింది. నేనూ వెళ్లనా, ఇక్కడే ఉండనా?

మేము రెండు రకాలుగానూ చేశాం. మొదటి వేసవి నేను ఉండిపోయాను. లీజులో సబ్‌లీజు కుదరదన్నారు, రెండు అద్దెలు కట్టే స్తోమత లేదు. మూడో రాత్రి ఒంటిగంటకి ఇంట్లో ఎక్కడో కిచ్చుమంది. నిమిషానికొకసారి కిచ్చుమంటోంది. పిట్ట దూరిందేమోనని బీరువాలు వెతికాను, ఫ్రిజ్ ఆపి చూశాను. తెల్లారి ఐదింటికి మా ఆయన వీడియోలో చూసి, అది పైకప్పుకున్న పొగ అలారమ్, బ్యాటరీ అయిపోయింది అన్నాడు. కుర్చీ మీద రైస్ డబ్బా, దాని మీద నేను. ఒంటరిగా ఉండేవాళ్లు ఎవరైనా ఉంటే ఆయన వెళ్లేలోపు అలారమ్ బ్యాటరీ, మెయింటెనెన్స్ నంబర్, పక్కింటివాళ్ల పేరు, ఈ మూడూ చూసుకోండి.

రెండో వేసవి కొత్త లీజులో సబ్‌లీజు మాట ముందే రాయించుకున్నాం. ఇద్దరు జూనియర్లకి రాతపూర్వకంగా, ఆఫీసు సంతకంతో ఇచ్చి, కుక్కర్, ఇడ్లీ రేకులు, పోపుల డబ్బా కారులో వేసుకుని ఇద్దరం వెళ్లాం. పదకొండు వారాలు వంటగది ఉన్న ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్లో ఉన్నాం. డబ్బు మిగల్లేదు. అయినా మళ్లీ అడిగితే వెళ్లమనే అంటాను. అడ్రస్ మారిన 10 రోజుల్లోపు యూనివర్సిటీ పోర్టల్లో మార్చాలి, ఇద్దరిదీ. కంపెనీ ఇచ్చే రీలొకేషన్ డబ్బు మీదా పన్ను పడుతుంది, మొత్తం చేతికొస్తుందనుకోకండి.

సీపీటీ తేదీకి రెండ్రోజుల ముందే ఓరియెంటేషన్‌కి రమ్మంటున్నారు. వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. ఐ-20 మీద వేసిన తేదీకి ఒక్క రోజు ముందైనా అనుమతి లేకుండా పని చేసినట్టే లెక్క. హెచ్‌ఆర్‌కి ఆ తేదీ చెప్తే వాళ్లే సర్దుతారు.

జీతంలో ఏమేం కోస్తారు? పన్ను ఇద్దరం కలిపి వేయొచ్చా?

ఎఫ్-1 మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా నాన్‌రెసిడెంట్ లెక్క. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండకూడదు. పొరపాటున కోస్తే మొదటి పే స్టబ్ చూడగానే పేరోల్‌కి చెప్పండి. టెక్సస్‌కి రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కానీ కాలిఫోర్నియాలో ఇంటర్న్‌షిప్ చేస్తే అక్కడ కట్టాలి. జాయింట్‌గా వేయడం కుదరదు. వేయాల్సింది నాన్‌రెసిడెంట్ల పన్ను ఫారం 1040-ఎన్‌ఆర్. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, దాన్ని వదులుకోకండి. ఒక్క డాలర్ సంపాదించని ఎఫ్-2 కూడా పన్ను శాఖకి ఫారం 8843 పంపాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

రోజూ రిజెక్షన్లే. ఆయన ఇంట్లో మాట్లాడటం మానేశాడు. నేనేం చేయను?

అప్లికేషన్ల లెక్క అడగకండి. "ఈరోజు ఏమైనా వచ్చిందా?" అని మా ఇంట్లో నేను రోజూ అడిగేదాన్ని, ప్రేమగానే. ఆయనకది హాజరు పట్టీలా వినిపించిందట. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏడింటిదాకా ఆ మాటలు, ఏడు తర్వాత ల్యాప్‌టాప్ మూసి కాంప్లెక్స్ చుట్టూ రెండు రౌండ్లు. ఇంటర్వ్యూ ఉన్న రోజు నేను పడకగదిలో బట్టల అల్మరాలో కూర్చుని తలుపేసుకునేదాన్ని, సింగిల్ బెడ్‌రూమ్‌లో ఇంకో నిశ్శబ్దమైన చోటు లేక. చివరికి ఆఫర్ వచ్చిన ఫోన్ కూడా అక్కడ్నుంచే విన్నాను, హ్యాంగర్ల మధ్య, చేతిలో సగం ఒలిచిన చిక్కుడుకాయలతో.